అరవై ఒకటో రాడ్డు

నిజాంపేటలో మా అపార్ట్‌మెంటు లెక్కలు రాసేది నేనే.
ఏప్రిల్ రాత్రి, సెల్లారు ముందు బోరుబండి.
చందాల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
మూడొందల అడుగుల దాకా ఒక రేటు,
ఆపైన ప్రతి వందకీ పెరిగే రేటు.
లోతుకి ధర కట్టిన కాగితం,
కింద సంతకం నాదే.

తిరుచెంగోడు నుంచి వచ్చిన కుర్రాడు తంగవేలు
రాడ్డు దిగినప్పుడల్లా సుద్దముక్కతో
గోడ మీద ఓ గీత గీస్తాడు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
ఒక్కో గీత ఇరవై అడుగులు.

బూడిదరంగు దుమ్ము.
కార్ల మీద, వాచ్‌మన్ పరుపు మీద,
నా పుస్తకంలో ఇంకా ఆరని సిరా మీద.
ఈ రాయి వయసు రెండొందల యాభై కోట్ల ఏళ్ళని
ఎక్కడో చదివాను.
ఎండంటే ఏమిటో ఎరగని రాయి
మా వీధిదీపం కింద కాసేపు ఎగిరి
వచ్చి కనురెప్పల మీద వాలుతోంది.
రాతిని తొలిచే ఇనుమూ
ఏ నక్షత్రం కడుపులోనో ఉడికిందేనట.
అయితే ఈ రొద అంతా
పాలివాళ్ళ తగాదా అన్నమాట.

రెండో అంతస్తు జాహెదా బేగం
ముక్కుకి దుపట్టా చుట్టుకుని
ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది.
ఎనభై నిండిన మనిషి,
ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసింది.
"ఎంతదాకా పోయింది బేటా?"
"ఎనిమిది వందలు."
"పానీ?"
"దుమ్మే."

పన్నెండు దాటాక కరెంటు పోయింది.
ఇంజను వేడెక్కిందని బండీ ఆపారు.
వీధి వీధంతా ఒక్కసారి నోరు మూసుకుంది.

అప్పుడు కనిపించింది,
ఎదురింటి నీళ్ళట్యాంకు మీదుగా ముసలమ్మ మంచం.
నాలుగు కోళ్ళు, ఎత్తుకుపోతున్న ముగ్గురు దొంగలు.
నాయనమ్మ చూపించిన తర్వాత
మళ్ళీ ఎప్పుడు చూశానో గుర్తులేదు.
దొంగలు ఇంకా గుమ్మం దాటలేదు.

"అందులో కొన్ని చుక్కల వెలుగు
బయల్దేరి ఎనభై ఏళ్ళవుతుందట" అన్నాను.
"అంటే నేను పుట్టినప్పుడు పోస్టు చేసింది"
అని నవ్వింది జాహెదా.
"ఇల్లు మారినవాళ్ళకి ఉత్తరాలొచ్చేవి.
విలాసదారు లేరని ముద్ర కొట్టి తిప్పి పంపేవాళ్ళం."
తల వెనక్కి వాల్చి చాలాసేపు చూసింది.
"దీన్ని ఎక్కడికి తిప్పి పంపను?"

నాకేమో లెక్కల జబ్బు.
ఫోను వెలుగులో కట్టాను:
చంద్రుడి దాకా ఆరు కోట్ల ముప్పై లక్షల రాడ్లు.
మంచం దాకా... సున్నాలు గడి దాటి
మార్జినులోకి, అక్కడి నుంచి నా మోకాలి మీదికి.
ఇరవై నాలుగు ఫ్లాట్లకి పంచే అంకె కాదది.
అంత దూరం ముందు కూర్చుని
భయపడాల్సింది పోయి
ఎందుకో ఆకలేసింది.
జాహెదా కొంగు విప్పి రెండు ఖర్జూరాలిచ్చింది.
వాటి మీదా దుమ్మే. అలాగే తిన్నాం.

బండి మళ్ళీ మొదలైంది.
అరవై. అరవై ఒకటి.
చెమ్మయినా తగల్లేదు.
"పోదుం" అన్నాడు తంగవేలు.
వాళ్ళ భాషలో చాలు అని.
నాకు పోదాం అని వినిపించింది,
ఎటో తెలియకుండానే లేచి నిలబడ్డాను.

రాడ్లన్నీ పైకి తీశాక
జానెడు వెడల్పు చీకటి మిగిలింది.
గులకరాయి వేసి చెవి పెట్టాను.
ఏమీ రాలేదు.
మూత బిగించేలోపు
ఎనభై ఏళ్ళు నడిచొచ్చిన వెలుగు కొంచెమైనా
అందులో పడే ఉంటుంది.
ఏ రేటుకీ ఎవరూ తవ్వించుకోని చోట
దిగుతూనే ఉంటుంది.

తెల్లారి ట్యాంకరొచ్చింది.
జాహెదా కుర్చీ పైకి చేర్చి,
గీతల గోడని తుడవొద్దని వాచ్‌మన్‌కి చెప్పి,
స్నానానికి వెళ్ళాను.
రెండొందల యాభై కోట్ల ఏళ్ళు
మూడు మగ్గుల నీళ్ళకి
తల మీంచి దిగి తూములోకి పోయాయి.

చెవి వెనక కొంచెం ఉండిపోయింది.